నా బీపీ మందు, మనవరాలి రెప్ప

యాభై తొమ్మిదేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. వాటితో నేను వెలగబెట్టిన మొదటి ఘనకార్యం, మనవరాలి కంటికి ముప్పు తేవడం.

గోదావరిఖనిలో బొగ్గుబావి నుంచి రిటైరయ్యాక, సాయంత్రాలు ఒక పంతులమ్మ దగ్గర కూర్చుని తెలుగు దిద్దాను. ఆ ఊపులో ఏబీసీడీలు కూడా పట్టాను. ఇంగ్లిష్ మాటలకు అర్థం తెలియదు గానీ, రెండు పేర్లు ఒకటేనా కాదా అని అక్షరం అక్షరం పోల్చి చెప్పగలను. అంత చదువుకు ఎంత పొగరు ఉండాలో అంతకు రెండింతలు ఉండేది నాకు.

బిడ్డ తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. పాప పుట్టినప్పుడు ఒంటి మీద ఏ మచ్చా లేదు. రెండు వారాలకు కుడి కంటి పైరెప్ప మీద మిరపగింజంత ఎర్రచుక్క కనిపించింది. రెండో నెల దాటేసరికి అది రేగుపండంత ఉబ్బి, రెప్పను సగానికి దించేసింది.

"గ్రహణంనాడు బయటికి పోయి ఉంటవ్," అంది మా ఇంటిది.

"గ్రహణంనాడు నన్ను మంచం దిగనిచ్చినవా అవ్వా?" అంది బిడ్డ తల్లితో.

నేను ఇంకో మెట్టు పైన ఉన్నాను. బావిలో తగిలిన గాయాల్లోకి బొగ్గుపొడి పోయి నా బుగ్గ మీద నీలం మచ్చలున్నాయి. "పాపకు నా పోలికే వచ్చింది" అని వారం రోజులు వాడకట్టంతా చెప్పుకున్నాను.

కరీంనగర్‌లో పిల్లల చర్మాలు చూసే డాక్టరమ్మ మా ఇద్దరి సిద్ధాంతాలూ విని నవ్వింది. "సన్న సన్న రక్తనాళాలు అవసరానికి మించి పెరిగి ముద్దకట్టినయి. కొన్ని నెలలు గబగబా పెరుగుతది, తర్వాత ఏండ్ల మీద దానంతట అదే తగ్గుతది. వీపు మీద ఉంటే చూస్తూ ఊకుందుం. కంటి మీద ఉంది కాబట్టి మందు వెయ్యాలె."

"లేజర్ కొట్టరా మేడం?" బిడ్డ ఫోన్లో చూసి వచ్చింది.

"అది వేరే మచ్చకమ్మా. పుట్టంగనే చదునుగ, ఎర్రగ ఉండి, జీవితాంతం పోనిదానికి."

మొదటి మోతాదు వేసి, సగం రోజు పాప గుండె వేగం చూసి, సీసా ఇచ్చి పంపారు. పాలు తాగించి రోజుకు రెండుసార్లు వెయ్యాలి.

ఇంటికి రాగానే సీసా తీసుకుని చదవడానికి కూర్చున్నాను. ఆ పేరు ఎక్కడో చూసినట్టుంది. నా మాత్రల అట్ట తెచ్చి పక్కన పెట్టాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చాను. ఒక్కటి కూడా తేడా లేదు. నా బీపీ మందు! మూడు నెలలు నిండని పసిదానికి!

బావిలో ముప్పై ఏళ్లు టింబర్‌మన్‌గా చేశాను. పైకప్పును కర్రతో కొట్టి వినాలి. డొల్ల చప్పుడు వస్తే అందరినీ వెనక్కి పంపి, కింద గుంజలు నిలబెట్టాలి. నేను "ఆగుండ్రి" అంటే ఎందుకని అడిగినవాడు లేడు. రిటైరయ్యాక ఆ మాట అనే అవకాశం దొరక్క నోరు దురద పెట్టినట్టుంది.

"మందు బంద్," అన్నాను.

"జర ఆగు బాపూ, డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగుత."

"అడుగుడేంది? ముసలోళ్ల మందు పసిపిల్లకు రాసింది. దొరికినంక ఒప్పుకుంటదా? నేనున్న గద, ఫికర్ చెయ్యకు."

బిడ్డ భయపడింది. తండ్రి మాట కదా, ఆగింది. సీసా, అట్ట రెండూ జేబులో వేసుకుని చాయ్ హోటల్లో నలుగురికీ చూపించాను. "కాకా, చిన్నప్పుడే చదివి ఉంటే పెద్ద డాక్టరయ్యెటోనివి," అన్నాడొకడు. అది వెక్కిరింత అని నాకు తట్టలేదు. వాడి చాయ్ కూడా నేనే ఇప్పించాను.

ఏడో రోజు పొద్దున పాప కుడి కన్ను తెరుచుకోలేదు. ముద్ద ఇంకా ఉబ్బి రెప్ప పూర్తిగా వాలిపోయింది. బిడ్డ నా జేబులో చెయ్యి పెట్టి సీసా తీసుకుని, పాపను ఎత్తుకుని బస్టాండుకు నడిచింది. నేనూ వెంట పడ్డాను. అప్పటికీ సిగ్గు లేదు నాకు; డాక్టరమ్మను పట్టిద్దామని అట్ట జేబులోనే ఉంచుకున్నాను.

ఆమె అట్ట చూసి, "నిజమే పెద్దాయనా, అదే మందు," అంది. "మీకు బీపీకి పనిచేస్తది. పాపకు ఆ రక్తనాళాలను బిగించి, పెరగకుంట ఆపుతది. మోతాదు ఆమె బరువును బట్టి. మీరు చదివింది తప్పు కాదు. నన్ను అడగకపోవుడు తప్పు." తర్వాత గొంతు మార్చింది. "కన్ను తెరిచి ఉంటేనే మెదడు చూసుడు నేర్చుకుంటది. ఇప్పుడు నేర్వకపోతే, పెద్దయినంక రెప్ప లేచినా చూపు సరిగ రాదు."

అరవైకి దగ్గర పడ్డాక 'అ' దిద్దినవాణ్ని నేను. అక్షరాలు కాబట్టి నా కోసం అన్నేళ్లు ఆగాయి. చూపు ఆగదట.

తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. ఇంటికొచ్చాక విషయం విని మా ఇంటిది, "గీనకు అక్షరాలు నేర్పిన పంతులమ్మను దొరకవట్టాలె," అంది. సీసా ముట్టే హక్కు పోయింది. పాప కడుపు నిండా తాగిందో లేదో చూడటం, మందు పోసేటప్పుడు కాళ్లూ చేతులూ పట్టుకోవడం నా డ్యూటీ. ఆకలి మీద వేస్తే ఒంట్లో చక్కెర పడిపోతుందట. కాబట్టి ప్రతిసారీ రెండుసార్లు అడిగేవాణ్ని, రెండుసార్లూ తిట్లు తినేవాణ్ని.

నెలలు గడిచేకొద్దీ ఎరుపు చల్లారి, ముద్ద మెత్తబడి, రెప్ప లేచింది. కన్ను కనిపిస్తోంది గానీ, ఆ కంటికి కనిపిస్తోందా?

పాపకు పది నెలలు నిండాక అందరం కంటి డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన పాప ఎడమ కన్ను మూసి పట్టీ అంటించి, ఎర్ర బొమ్మ ఒకటి గాలిలో తిప్పాడు. బిడ్డ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. బొమ్మ ఎటు పోతే పాప చూపు అటు పోయింది. కిందికి, పైకి, పక్కకు. పక్కన నేనున్నాను. బొమ్మ నా ముఖం దగ్గర ఆగింది. రోజూ రెండు పూటలా తనను కదలకుండా పట్టుకుని చేదు తాగించే మనిషిని పాప ఆ ఒంటికన్నుతో నిదానంగా చూసి, కెవ్వుమని ఏడ్చింది.

"చూపు బాగున్నది," అన్నాడు డాక్టరు.

"మంచిగనే గుర్తువట్టింది," అంది మా ఇంటిది.