డోర్నకల్‌లో వదిలేసి వచ్చిన చెక్క స్టాండు

సెప్టెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం మా చిన్నమ్మ కూతురు సమ్మక్క ఫోన్ చేసింది. ఆమెది భూపాలపల్లి జిల్లాలో ఘనపూర్ దాటాక ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మేకలు కాస్తుంది. వాళ్ల చెరువు అవతలి ఒడ్డున ఉన్న మద్దిచెట్టు మీద పెద్ద కొంగలు గూడు పెట్టాయని, ఆ చెట్టును శుక్రవారం పొద్దున కోసేస్తున్నారని చెప్పింది. నేను జనగామ జిల్లా బచ్చన్నపేటలో మోటర్లకు వైండింగ్ చేస్తాను. ఖాళీ దొరికితే మా చెరువు దగ్గర పిట్టలను చూస్తూ కూర్చుంటానని చుట్టాలందరికీ తెలుసు. కొందరు నవ్వుతారు. సమ్మక్క నవ్వదు.

“గూట్లె పిల్లలున్నయి తమ్మీ. రాజిరెడ్డి పటేలు నమ్ముతలేడు. అది పోయినేటి గూడు, వట్టిదే అంటుండు. కండ్లతోని చూస్తె నెలరోజులు ఆపుత అన్నడు. దగ్గరికి కనపడేది ఏదన్న ఉంటె పట్టుకొని రా” అంది.

చెట్టు కింద నిలబడితే గూడు అడుగున పుల్లలు తప్ప ఏమీ కనిపించవు. చెట్టెక్కడానికి దాని యజమాని రాజిరెడ్డి ఒప్పుకోలేదు. ఎవరైనా పడితే తన మీదికి వస్తుందన్నాడు. చెరువు కట్ట మీద నుంచి చూస్తే గూడు దాదాపు కంటి ఎత్తులో ఉంటుందట, కానీ మధ్యలో మూడు వందల గజాల నీళ్లు. నా చిన్న బైనాక్యులర్‌తో అంత దూరంలో పిల్లల తలలు తెలియవు. దూరపు వాటిని బాగా పెద్దవిగా చూపించే ఒంటికన్ను దుర్భిణి, స్పాటింగ్ స్కోప్, కావాలి. నాకు తెలిసినవాళ్లలో అది డోర్నకల్‌లో ఉండే ప్రసాదం సార్ దగ్గరే ఉంది. ఆయన రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో పని చేసి రిటైరయ్యారు. జనగామలో కూతురింటికి వచ్చినప్పుడల్లా మా చెరువుకు వచ్చేవారు, అలా పరిచయం. ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు.

గురువారం తెల్లవారకముందే బండి మీద జనగామ స్టేషన్‌కు చేరి, బండిని అక్కడి స్టాండులో పెట్టి, ఐదు దాటాక వచ్చిన రైలెక్కాను. కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ మీదుగా డోర్నకల్‌కు రెండున్నర గంటలు పట్టింది. సాధారణ తరగతి టికెట్ వంద రూపాయల లోపే. నా సంచిలో ఒక ట్రైపాడ్ ఉంది. ఏడాది కింద ఆన్‌లైన్‌లో పద్నాలుగు వందలకు కొన్నది, కిలోంబావు బరువు, మడిస్తే మూరెడు. కొన్నప్పుడు నేను చూసినవి రెండే: ధర, బరువు. ఫోన్‌తో ఫోటోలు తీయడానికి బాగానే పనికొచ్చింది.

ప్రసాదం సార్ ఇల్లు స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. స్కోప్‌ను తువ్వాలలో చుట్టి సిద్ధంగా పెట్టారు. దాని పక్కనే గోడకు ఒక పాత చెక్క స్టాండు ఆనించి ఉంది. భూమి కొలిచేవాళ్లు వాడేలాంటిది; కాళ్ల చివర ఇనుప మొనలు, మణికట్టంత మందం కాళ్లు. స్కోప్ స్క్రూకు సరిపోయేలా పైపలకకు లేత్ షాపులో ఇత్తడి ముక్క చేయించి బిగించారు.

“గిది కూడ తీస్కపో. ఏడు కిలోలుంటది. గాలొచ్చినా కదలది” అన్నారు.

“నా దగ్గర ఉంది సార్” అని నాది తీసి చూపించాను.

ఆయన దాన్ని నేల మీద పూర్తిగా విప్పి నిలబెట్టి, పైన స్కోప్ బిగించి, ఎదురుగా ఉన్న చర్చి గోపురం వైపు తిప్పారు. ఒక కాలిని వేలితో మెల్లగా కొట్టి నన్ను చూడమన్నారు. గోపురం వణికింది. నిలకడకు వచ్చేసరికి ఆయన ఏడు లెక్కపెట్టారు.

“రెండు లెక్కవెట్టే లోపల ఆగాలె. గిది ఫోను కోసం చేసింది గని దీని కోసం కాదు.”

“మూడు బండ్లు మారాలె సార్. అంత బరువు ఎక్కడ మోస్త? కట్ట మీద ఎట్లనో మేనేజ్ చేస్త.”

“నీ ఇష్టం” అన్నారు. చాయ్ తాగాక మళ్లీ ఒకసారి ఆ స్టాండు వైపు చూశారు. నేను స్కోప్ సంచిలో పెట్టుకుని లేచాను.

డోర్నకల్ నుంచి మహబూబాబాద్‌కు రైలులో అరగంట. బస్టాండు ఎదురుగా టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను, ప్లేటు ముప్పై. తొమ్మిదిన్నరకు నర్సంపేట బస్సు, అక్కడ నుంచి ములుగుకు ఇంకో బస్సు. రెండింటికీ కలిపి నూట నలభై దాకా అయింది. ములుగు చేరేసరికి ఒంటిగంట. అక్కడ నుంచి ఘనపూర్ వైపు బస్సులు తక్కువ. షేర్ ఆటో నిండేదాకా ఆగాలి. డ్రైవర్ నా సంచిలోంచి బయటికి వచ్చిన ట్రైపాడ్ కాళ్లను చూసి, “సర్వేకు వచ్చినవా అన్న? గా మూడు కాళ్లది కనపడితె మా దిక్కు భయపడ్తరు. భూములు పోతయంటరు” అన్నాడు.

పిట్టలను చూడటానికని చెప్పాను.

“గదే అనుకున్న. సర్వేది గింత సన్నగుండది” అన్నాడు. వెనక కూర్చున్న ఇద్దరు నవ్వారు, నేనూ నవ్వాను.

ఊరికి చేరేసరికి మూడు దాటింది. సమ్మక్క అన్నం పెట్టింది. ఐదు గంటలకు ముగ్గురం కట్ట మీద ఉన్నాం. రాజిరెడ్డికి అరవై ఏళ్లుంటాయి, మంచి పొడగరి, నడుముకు బెల్టు కట్టుకుని ఉన్నాడు. చెట్టు ఆయన పట్టా భూమిలోదే. కలప కోసే సామిల్లు వాళ్లతో మాట అయిపోయింది, పొద్దున ఆరున్నరకు మనుషులు వస్తారు. వస్తూనే సమ్మక్కను ఆట పట్టించాడు.

“నీ మేకలకు కొమ్మలు కావాలె గద, అందుకే పిట్టలంటున్నవ్.”

“చెట్టు కొడితేనే కొమ్మలన్ని ఒక్కపారి దొరుకుతయి పటేలా. వద్దంటున్ననంటె సమజ్ చేస్కో” అంది ఆమె.

ఆయన నవ్వి, “నిజమే” అన్నాడు.

చెరువు నిండా నీళ్లు. గాలి నీళ్ల మీద నుంచి సూటిగా కట్టకు కొడుతోంది. నేను ట్రైపాడ్ కాళ్లు చాపకుండా పొట్టిగా పెట్టి, నేల మీద కూర్చుని చూశాను. రెండు మూడు నిమిషాల తర్వాత గాలి కాస్త తగ్గినప్పుడు గూడు అంచు తేటగా కనిపించింది. దాని మీద రెండు తలలు లేచాయి. వెనక ఇంకోటి. తల్లిదో తండ్రిదో, నల్లటి ఒళ్లు, ఉన్నిలాంటి తెల్లటి మెడ ఉన్న పెద్ద కొంగ పక్క కొమ్మ మీద నిలబడి ఉంది.

“ఉన్నయి, రా అన్నా” అన్నాను.

రాజిరెడ్డి వంగడానికి చూసి మధ్యలోనే ఆగిపోయాడు. “నా నడుము వంగది తమ్మీ. పైకి లేపు.”

నేను లేపాను. నాలుగు అంచెల కాళ్లనూ బయటికి లాగాను. చిట్టచివరి అంచె నా చిటికెనవేలంత కూడా లేదు. అది కూడా చాలకపోతే మధ్య కడ్డీని పైకంతా ఎత్తాను. స్కోప్ ఆయన కంటి దాకా వచ్చింది. ఆయన చూశాడు.

“చెరువంత ఊగుతంది.”

నేను కాళ్లు రెండింటిని చేతులతో పట్టుకున్నాను. నా చేతుల వణుకు కూడా దానికి తోడైంది. సమ్మక్క తన సద్ది సంచిలో రెండు రాళ్లు వేసి మధ్య కడ్డీ కింది కొక్కేనికి తగిలించింది. గాలికి సంచి గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగింది, దాంతో స్టాండూ ఊగింది. స్కోప్‌కు ఫోన్ ఆనించి ఫోటో తీసి చూపిద్దామనుకున్నాను. పది తీశాను. అన్నింట్లోనూ చెరిపేసిన బొగ్గు గీతల్లా ఏవో మరకలు. పెద్దగా చూపించడం తగ్గిస్తే వణుకు తక్కువ కనిపించింది కానీ గూడు మళ్లీ నల్లటి ముద్ద అయింది.

రాజిరెడ్డి విసుక్కోలేదు. అది చెప్పాలి. ముప్పావుగంట నిలబడ్డాడు, నాలుగుసార్లు కన్ను పెట్టాడు, రెండు కళ్లూ మార్చి చూశాడు.

“నల్లగ ఏందో ఉన్నది. పుల్లలే అనిపిస్తంది.”

“మూడున్నయి అన్నా. నేను చూసిన.”

“నువ్వు చూసినవ్. కాదంటలేను. కని సామిల్లాయనకు మాటిచ్చిన. రేపు ఆయన వచ్చి ఎందుకు ఆపినవ్ అంటె, నేను చూసిన అని చెప్పాలె గద. చూడంది చూసిన అని ఎట్ల చెప్పాలె?”

వెలుతురు తగ్గింది. ఆయన బండి ఎక్కి వెళ్లిపోయాడు. ట్రైపాడ్ మడుస్తుంటే సమ్మక్క నెమ్మదిగా అంది, “మా ఇంట్ల కుర్సీ ఉండె తమ్మీ. ఏస్తె కూసోని చూసేటోడు.” కుర్చీలో కూర్చుంటే స్టాండును సగం ఎత్తులో ఉంచవచ్చు, సన్నకాళ్లు బయటికి తీసే పనే లేదు. ముప్పావుగంటలో మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

పొద్దున ఆరు గంటలకే కుర్చీ పట్టుకుని కట్ట మీదికి వెళ్లాం. రాజిరెడ్డికి ఫోన్ చేస్తే ఆయన కోడలు ఎత్తింది. “మామ చెట్టుకాడికి పోయిండు. ఫోను ఇంట్లనే పెట్టిండు” అంది. గాలి లేదు. చెరువు అద్దంలా ఉంది. ట్రైపాడ్‌ను పొట్టిగా పెట్టి చూశాను. ఏదీ వణకలేదు. మూడు పిల్లలు, మెడల మీద బూరు, ఒకటి రెక్క చాపి ముడుస్తోంది. సమ్మక్కను చూడమన్నాను. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత స్కోప్ కొంచెం కిందికి దించితే చెట్టు మొదట్లో మనుషులు కనిపించారు, రాజిరెడ్డి కూడా, నడుము మీద చెయ్యి పెట్టుకుని. సమ్మక్క రెండు చేతులూ నోటికి పెట్టుకుని కేకేసింది. అప్పటికే రంపం మిషన్ మొదలైంది. చెరువు చుట్టూ తిరిగి వెళ్లాలంటే రెండు కిలోమీటర్లు. నేను పరుగెత్తాను. సగం దారిలో ఉండగా చెట్టు పడిన చప్పుడు వినిపించింది.

నేను చేరేసరికి మిషన్ ఆపేశారు. పనివాళ్లు బీడీలు ముట్టించుకుని దూరంగా నిలబడ్డారు. రాజిరెడ్డి విరిగిన కొమ్మల మధ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, “మూడున్నయి తమ్మీ” అన్నాడు.

రెండు అక్కడే చచ్చిపోయాయి. ఒకదాన్ని సమ్మక్క ఇంటికి తెచ్చి, గంప కింద పెట్టి చిన్న చేపలు తినిపించింది. రెండు రోజులు బతికింది. ఆ కబురు నేను బచ్చన్నపేట చేరాక ఫోన్‌లో తెలిసింది. పెద్ద కొంగలు వారం దాకా ఆ మెట్ట చెలక మీద తిరిగాయట.

తిరుగు దారిలో స్కోప్ ఇవ్వడానికి డోర్నకల్‌లో దిగాను. ప్రసాదం సార్ “కనపడ్డయా?” అని అడిగారు. “నాకు కనపడ్డయి సార్” అన్నాను. ఆయనకు అర్థమైంది. చెక్క స్టాండు అదే గోడకు ఆనించి ఉంది. నేను రోజూ మా షాపులో ఐదు హెచ్‌పీ మోటర్లను ఎత్తి బల్ల మీద పెడతాను. కింది సిమెంటు బెడ్డు గట్టిగా లేకుండా మోటరు బిగిస్తే ఊగి బేరింగులు పోతాయని ఇరవై ఏళ్లుగా రైతులకు చెబుతూనే ఉన్నాను. అలాంటి నేనే ఏడు కిలోల బరువని ఆ స్టాండును వదిలేసి వెళ్లాను. రాజిరెడ్డి మీద నాకు కోపం లేదు. చూపిస్తే ఆపుతానన్నాడు, నేను చూపించలేకపోయాను. పట్టా భూమిలో గూడు ఉంటే ఎవరికి చెప్పాలో కూడా నేను తెలుసుకుని వెళ్లలేదు. ఈ రెండూ నా వైపు తప్పులే.

స్కోపో చిన్న టెలిస్కోపో కొనబోయేవాళ్లు, దాన్ని పట్టుకుని ఎక్కడికైనా బయలుదేరేవాళ్లు ముందు స్టాండు సంగతి చూసుకోండి. షాపులోనే పూర్తిగా విప్పి, మీ స్కోప్ బిగించి, దూరంగా ఉన్న బోర్డు మీద పెట్టి, కాలిని వేలితో కొట్టండి. రెండు లెక్కపెట్టే లోపు బొమ్మ నిలవకపోతే ఎంత తేలికైనా, ఎంత చవకైనా తీసుకోకండి. కాళ్లలో అంచెలు తక్కువుంటే మంచిది. లావు అంచెలే ముందు తీయండి, మధ్య కడ్డీని ఎత్తకండి, బరువు కడితే సంచి నేలకు కాస్త ఆనేలా కట్టండి. గాలి లేని పొద్దుటి పూట చూడండి. ఇంకొకరికి చూపించాల్సి ఉంటే, ఆ మనిషి ఎంత పొడుగో, నడుము వంగుతుందో లేదో ముందే అడిగి, ఒక కుర్చీ వెంట తీసుకెళ్లండి.