బెల్లంపల్లి రూతమ్మ చేతులు

మా ఇంటావిడ సుగుణకు తలనొప్పి మొదలై ఏడాది దాటింది. వరంగల్ డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి భయపడాల్సిందేమీ లేదన్నారు. భయం పోయింది గానీ ఆమెకు నిద్ర రాలేదు. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే మనిషిని చూడలేకపోయాను. తలకు చేత్తోనే వైద్యం చేసే రూతమ్మ అనే రిటైర్డు నర్సు బెల్లంపల్లిలో ఉందని ఎవరో చెబితే బయల్దేరాం.

జమ్మికుంటలో పొద్దున ఏడింటి ప్యాసింజరు ఎక్కాం. రైలంటే నాకు కంగారు. దిగాల్సిన ఊరికి రెండు స్టేషన్ల ముందే సంచులతో తలుపు దగ్గర నిలబడతాను. ఈసారీ మంచిర్యాల దాటగానే లేచాను.

"కూసోండ్రి. బెల్లంపల్లి యాడికి పోదు," అంది సుగుణ, కణతలు నొక్కుకుంటూనే.

దిగి, స్టేషన్ ఎదుటి హోటల్లో ఇడ్లీ తిని, రిక్షాలో చర్చి వెనక గల్లీకి చేరాం. రూతమ్మ మిషన్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక విదేశీ డాక్టరు దగ్గర ఈ విద్య నేర్చుకుందట. సుగుణను చాప మీద పడుకోబెట్టి, తల కింద రెండు చేతులూ పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంది. అంతే. ఎంతసేపైనా వేలు కదల్లేదు. పసిపిల్లలకు నీళ్లు పోసే మా ఊరి ముసలమ్మలే తలను ఇంతకన్నా గట్టిగా ఒత్తుతారు. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని నాకు ఒళ్లు మండింది. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, జర గట్టిగ ఒత్తమన్నాను.

"గట్టిగ ఒత్తితె తల ఇంక బిగుసుకుంటది బిడ్డా. నువ్వు గిట్ల తిరుగుతుంటె ఆమె ఊపిరి గూడ నీ ఎంబడే ఉరుకుతుంది. జర కుదురుగ కూసో."

కూర్చున్నాను. కాసేపటికి సుగుణ పొట్టలో గుడగుడమంది. ఊపిరి నెమ్మదించింది. బిగబట్టిన దవడ వదులైంది. ఎప్పుడూ చల్లగా ఉండే పాదాలు ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి. నాకే ఆవలింత వచ్చింది. సుగుణ లేచాక అడిగితే, నొప్పి ఉంది గానీ కొంచెం దూరం జరిగిందని చెప్పింది. డాక్టరు మందులు మాత్రం మానొద్దని రూతమ్మ గట్టిగా చెప్పి పంపింది. వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం వెళ్లకండి, ఆమె చర్చిలో ఉంటుంది.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. సుగుణ సర్వపిండి సగం తిని, నా భుజం మీద తల వాల్చింది. అది చేతుల మహిమో, ప్రయాణపు అలసటో నాకు తెలియదు. పెద్దపల్లి వచ్చింది. నేను లేవలేదు. జమ్మికుంట వచ్చింది. బండి ఆగింది, కదిలింది. సంచులు పైనే ఉన్నాయి. అంత హాయిగా నేనెన్నడూ రైల్లో కూర్చోలేదు.

కాజీపేట దగ్గర పడుతుండగా టీసీ టికెట్లు చూసి, "మీ ఊరు ఎన్కనే పోయింది గద," అన్నాడు.

"ఎరికే సార్," అన్నాను. "జర మెల్లగ మాట్లాడుండ్రి. పండుకున్నది."