నైట్‌షిఫ్టు దిగి మ్యాట్నీకి

పెళ్ళయి గోదావరిఖనికి వచ్చిన కొత్తలో ఊళ్ళో నాలుగైదు సినిమా హాళ్ళుండేవి. మా క్వార్టర్‌కు దగ్గరిది మార్కెట్ వెనక ఉండేది. మా ఆయన గనిలో పనిచేసేవాడు. నైట్‌షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇంత తిని నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళేవాడు. పేర్లు పడుతుండగానే నిద్రపోయేవాడు. ఇంటికి నడుస్తూ కథ నేను చెప్పేదాన్ని.

గేటు దగ్గర టికెట్లు చింపే అతను మమ్మల్ని గుర్తుపట్టేవాడు. "సిన్మకా, నిద్రకా అన్నా?" అని నవ్వేవాడు.

కొన్నేళ్ళకు ఒక పొద్దున మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు. వచ్చినవాళ్ళంతా నా ముఖంలోకి చూశారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు, గని ఆఫీసులో. పొద్దున వెళ్ళేదాన్ని, సాయంత్రం వచ్చేదాన్ని.

పక్క క్వార్టర్ అక్క ఒక ఆదివారం, "చర్చి నుంచి వచ్చి గట్ల గోడ దిక్కు చూసుకుంట కూసుంటె ఎట్లనే? లే, సిన్మకు పోదాం" అని లాక్కెళ్ళింది. గేటు దగ్గర అతను టికెట్ అందుకుని నా వెనక్కి చూశాడు.

"అన్న రాలేదా అక్కా?"

మా ఇళ్ళల్లో బొట్టు మొదటినుంచీ లేదు. నన్ను చూసి అతనికి తెలిసే వీలు లేదు.

"డ్యూటీకి పోయిండు," అన్నాను.

అక్క నా వైపు చూసింది. లోపల హీరోయిన్ ఏడుస్తుంటే ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నేను ఫ్యాను తిరగడం చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత అప్పుడప్పుడూ ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. ఏ సినిమా ఆడుతోందో చూసేదాన్ని కాదు. అతను అడిగేవాడు, నేను అదే చెప్పేదాన్ని. అది చెప్పడానికే వెళ్ళేదాన్నేమో, తెలియదు.

అప్పటికే హాళ్ళు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. బస్టాండు వైపుది సిమెంటు గోదాం అయింది. ఇంకొకదాన్ని కూలగొట్టి దుకాణాలు కట్టారు. తెలంగాణ కోసం సమ్మె చేసినప్పుడు గనులతో పాటు మా హాలూ బంద్ అయింది. సమ్మె ముగిశాక తెరిచారు గానీ జనం రాలేదు. ఒకరోజు వెళ్తే గేటుకు తాళం ఉంది. అతను బయట స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇగ నడ్పరట అక్కా. ఫంక్షన్ హాల్ చేస్తరట. అన్నకు జెప్పు, పండుకునే జాగ పోయిందని."

"చెప్త. నువ్వేం చేస్తవ్ మరి?"

"బిడ్డ మంచిర్యాలల ఉంటది. ఆడికే వోత."

తలూపి వచ్చేశాను.

రాష్ట్రం వచ్చాక, మా ఆఫీసు గుమస్తా కూతురి పెళ్ళికి ఆ ఫంక్షన్ హాలుకే వెళ్ళాను. వాలుగా ఉండే నేలను చదును చేసి బండలు పరిచారు. తెర ఉన్నచోట పెళ్ళికూతురు కూర్చుంది. అక్షింతలు వేసి, వరుసలో నిలబడి ప్లేటు తీసుకున్నాను.

"బగారన్నం మంచిగయిందా?" పక్కనున్నామె అడిగింది.

"అయింది," అన్నాను.

వాన వచ్చేలా ఉందని అందరూ ఆటోల కోసం బయటికి నడిచారు. గేటు దగ్గర అన్న ఏడని అడిగేవాళ్ళు లేరు. నేనూ నడిచాను.