నందిగామలో వెనక్కి నడిచిన షష్టిపూర్తి

నందిగామలో ఓ పెద్దమనిషి చేత, నలభై ఏళ్ళకు పైగా కాపరం చేసిన భార్య మెడలో తాళి, చుట్టాలంతా చూస్తుండగా విప్పించిన ఘనత నాది. ఆ ఇంట్లోంచి తన్నులు తినకుండా బయటపడ్డానంటే అది నా తెలివి కాదు. తెలివి ఉన్నవాడికి అసలా పరిస్థితే రాదు.

పందొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో మాట. జగ్గయ్యపేటలో నాకో రేడియో రిపేరు కొట్టు ఉండేది. బెజవాడలో ఓ షాపులో కొన్నాళ్ళు తిట్లు తిని నేర్చుకున్న విద్య. పెయింటరు పాపం 'రేడియోలు బాగుచేయబడును' అని రాస్తానన్నాడు. నేనే ఆపి, 'అన్ని రకముల యంత్రములు' అని రాయించా. వయసు అలాంటిది. విమానం తెచ్చి గుమ్మం ముందు పెట్టినా, "సాయంత్రం రండి" అనేవాణ్ణి.

ఓ రోజు నందిగామ నుంచి శివరామయ్య గారని ఓ రైతుగారబ్బాయి వచ్చారు.

"సినిమా ప్రొజెక్టరు బాగుచేస్తారాండి?"

"అది మనకి మంచినీళ్ళ ప్రాయమండి" అన్నా.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నేను చూసింది టూరింగ్ టాకీసు గోడ కన్నంలోంచి వచ్చే వెలుతురు. దాని వెనక మిషనుందో, మనిషి లాంతరు పట్టుకుని కూర్చున్నాడో నాకు తెలీదు.

సంగతేమిటంటే, వాళ్ళ నాన్న రాఘవయ్య గారికి ఆ మధ్య షష్టిపూర్తి చేశారు. కొడుకు మద్రాసు వెళ్ళి ఓ చిన్న కెమెరా, ఇంట్లో బొమ్మ వేసుకునే ప్రొజెక్టరు కొనుక్కొచ్చి ఆ వేడుకంతా తీశాడు. మాటా పాటా లేని మూగబొమ్మే, అయినా వాళ్ళ వీధికి అదే పెద్ద వింత. కిందటిసారి వేసినప్పుడు ఇంకో నిమిషంలో అయిపోతుందనగా బెల్టు తెగి ఆగిపోయింది.

"ఆదివారం మా మేనమామలు వస్తున్నారండి. పిలుపు సరిగ్గా లేదని షష్టిపూర్తికి అలిగి రాలేదు. ఈ బొమ్మ చూపించి రాజీ చేసుకుందామని నాన్నగారి ఆలోచన. సాయంత్రానికి ఆడాలి."

"ఆడక ఎక్కడికి పోద్దండి" అన్నా.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నందిగామలో దిగా. కాఫీ ఇచ్చారు, పెసరట్టు పెట్టారు. తిన్న తర్వాత ఎవడైనా తెలీదని చెప్పగలడా, మీరే చెప్పండి. మిషను మూత విప్పి, కుట్టుమిషను నూనె పోసి, అద్దాన్ని పంచె కొంగుతో తుడిచా. ఇక బెల్టు. అదీ కుట్టుమిషనుదే తీసుకెళ్ళా. పొడవెక్కువై వదులుగా వేలాడింది. పద్ధతి ప్రకారం కత్తిరించి మళ్ళీ కలపాలి. బద్ధకమేసి, ఎనిమిది అంకెలా ఓ మెలిక తిప్పి తగిలించా. చక్కగా బిగుసుకుంది. నా బుర్రకి నేనే మురిసిపోయా.

బెల్టు మెలితిప్పితే చక్రం ఎదురు తిరుగుతుందని పిండిమరలో ఎవర్నడిగినా చెబుతారు. నేను ఎవర్నీ అడగలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి హాలు నిండిపోయింది. గోడకి తెల్ల పంచె కట్టారు. ముందు వరసలో మీసాలు దువ్వుకుంటూ మేనమామలిద్దరూ, పక్కన రాఘవయ్య గారు, ఆ ఊరి కరణం గారు. ఆడవాళ్ళ వైపు రాఘవయ్య గారి భార్య వెంకాయమ్మ గారు. ఆవిడ భర్త ఎదుట నోరెత్తగా చూసినవాళ్ళు లేరట.

ఫిల్ము కిందటిసారి ఆగినచోటే ఉంది. అంటే దాదాపు అంతా కింది చక్రానికే చుట్టుకుని ఉంది. స్విచ్చి వేశా. ఫిల్ము కిందినుంచి పైకి పాకడం మొదలెట్టింది. పై చక్రం దానంతటది తిరక్కపోతే వేలితో తిప్పుతున్నా.

శివరామయ్య గారు చెవి దగ్గరకొచ్చి, "ఫిల్ము పైనుంచి కిందికి దిగాలి కదండీ?" అన్నారు.

"దిగే రకం వేరండి. ఇది ఎక్కే రకం" అన్నా గంభీరంగా.

పంచె మీద బొమ్మ పడింది. ముందు భోజనాలు. కరణం గారు నోట్లోంచి పూర్ణం బూరె తీసి విస్తట్లో పెట్టారు. చెక్కు చెదరని బూరె. ఇంకోటి తీశారు. మరోటి తీశారు. కోడి గుడ్లు పెట్టినట్టు పెడుతూనే ఉన్నారు. విస్తట్లో బూరెలు గుట్టయ్యాయి.

"షుగరని ఒక్కటే తిన్నానన్నావుగా" అన్నారెవరో చీకట్లోంచి.

"అది నేను కాదు" అన్నారు కరణం గారు.

హాలంతా నవ్వారు. భోజనాలకి ముందు ఏం జరిగి ఉంటుందో అప్పుడు నాకు తట్టింది. అంతలో దంపతుల నెత్తిన ఉన్న అక్షింతలు పిట్టల్లా లేచి చుట్టాల చేతుల్లోకి ఎగిరిపోయాయి. రాఘవయ్య గారు వెంకాయమ్మ గారి మీదకి వంగి, మూడు ముళ్ళూ ఒక్కొక్కటే విప్పి, తాళి పళ్ళెంలో పెట్టి, చేతులు దులుపుకున్నట్టు పక్కకి తప్పుకున్నారు.



"బావగారూ, ఇది చూపిద్దామనా మమ్మల్ని పిలిపించింది?" అన్నాడు పెద్ద మేనమామ.

రాఘవయ్య గారు లేచారు. "ఆపు" అన్నారు.

"ఆపితే దీపం వేడికి ఫిల్ము అక్కడే కాలిపోద్దండి" అన్నా.

"కాలితే నిన్నూ అందులోనే వేస్తా. ఆపు."

పాలేరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నా చెయ్యి స్విచ్చి మీదకి పోతుంటే ఆడవాళ్ళ వైపునుంచి మెల్లగా వినబడింది.

"ఆపమాక అబ్బాయ్. కానీ."

వెంకాయమ్మ గారు. రాఘవయ్య గారు అటు తిరిగి చూశారు. నేను స్విచ్చి మీంచి చెయ్యి తీసేశా.

తర్వాత ముక్క, దంపతులు ఇంట్లోంచి పందిట్లోకి ఆయన ముందూ ఆవిడ వెనకా నడిచొచ్చింది. అది తిరగబడేసరికి, ఇద్దరూ వెనక్కి అడుగులేస్తూ, ఆవిడ ముందు గడప దాటారు. ఆయన బుద్ధిగా ఆవిణ్ణి అనుసరించి లోపలికి పోయారు.

"చూశారా తమ్ముళ్ళూ" అన్నారావిడ. "కాపరానికొచ్చిన ఇన్నేళ్ళకి మీ బావ నా ఎనకమాల నడిచారు."

ముందు నవ్వింది అలిగొచ్చిన పెద్ద మేనమామే. ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆపైన పాలేరు. చివరికి రాఘవయ్య గారి భుజాలు కూడా కదిలాయి గానీ, దగ్గని బుకాయించారు.

బెల్టు సరిచేసి రెండోసారి సవ్యంగా వేశా. కరణం గారు బూరెలన్నీ మళ్ళీ తిన్నారు. ముళ్ళు పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. వెంకాయమ్మ గారు సగంలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

పండక్కి వాళ్ళ పాలేరు మా కొట్టుకొచ్చాడు.

"ప్రొజెక్టరు బాగానే ఆడుతుందండి. చుట్టాలొచ్చారు. అమ్మగారు మిమ్మల్ని ఓసారి వచ్చి చెడగొట్టి పొమ్మన్నారు."

ఆనాడే కొట్లో అగరొత్తి వెలిగించి, స్క్రూడ్రైవరు పట్టుకుని ఒట్టేసుకున్నా. ఇక నా కంఠంలో ప్రాణముండగా ఏ ఇంట్లో ఏ మిషను ముట్టుకున్నా, అది ఎటు తిరగాలో ముందు ఆ ఇంటి ఇల్లాలినడక్కుండా బెల్టు వెయ్యను.