పిట్ట మూతకు జాడీ దొరికింది

మా పక్కింటాయన్ని వీధిలో పిల్లలు మూతల బాబాయి అంటారు. పెద్దవాళ్లూ అదే అంటారు, కాకపోతే ఆయనకు వినబడకుండా. నాకు మాత్రం తమ్ముడు. తోడబుట్టకపోతేనేం, మధ్యలో ఒక్క గోడేగా అడ్డం!

ఆయనది పాత్రల మరమ్మతు దుకాణం. కారే గిన్నెకి మాటు వేస్తాడు, సొట్టలు తీస్తాడు, ఊడిన కాడలు అతికిస్తాడు. ఎవరింట్లో ఏ డబ్బా మూత బిగుసుకుపోయినా పరుగెత్తేది ఆయన దగ్గరికే. డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని, అంచు మీద గోరుతో టకటకా తట్టి, అదేదో రహస్యం చెప్పినట్టు తలాడించి, ఎటు తిప్పాలో అటు తిప్పుతాడు. టప్పున ఊడొస్తుంది. "మూతని నొక్కకూడదక్కయ్యా, కూర్చోబెట్టాలి. నొక్కితే అలుగుతుంది" అంటాడు. ఆయన చేతికి లొంగని మూతని మా వీధి ఇంతవరకూ చూడలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

మరమ్మతుకి వచ్చినవాటిలో కొన్ని బాగుపడవు. మనుషులు వాటిని దుకాణంలోనే వదిలేసి పోతారు. పాత్ర తుక్కులోకి వెళ్తుంది. మూతేం పాపం చేసింది? దాన్ని పారెయ్యడానికి ఆయనకి చేతులు రాలేదు. మొదట ఒకటి మేకుకి తగిలించాడు. ఇప్పుడు వాళ్ల ముందుగది గోడలు కనబడవు. ఇత్తడివి, రాగివి, చెక్కతో చెక్కినవి, వెదురుతో అల్లినవి, పింగాణీవి... అన్నీ మూతలే. ఒక్కదాని కిందా పాత్ర లేదు. కిటికీలోంచి గాలి గట్టిగా కొట్టిందంటే గది గదంతా గలగలా నవ్వుతుంది.

"అందరి ఇళ్లలో గిన్నెలుంటాయి, మూతలు కనబడవు వదినా! మా ఇంట్లో మూతలుంటాయి, వండుకుందామంటే గిన్నె కనబడదు" అంటుంది మా మరదలు, అంటే ఆయన భార్య. అంటుందే గానీ, వాటికి దుమ్ము పట్టనివ్వదు. తుడిచేటప్పుడు ఒక్కోదాన్నీ పేరుపెట్టి తిడుతూ మరీ తుడుస్తుంది.

నాకు ఆ గదిలోకి వెళ్తే కాలు బయటికి రాదు. ఒకసారి ఒక ఇత్తడి మూత వెనక్కి తిప్పి చూపించాడు.

"ఈ సుత్తి దెబ్బలు చూడక్కయ్యా. ఇదిగో, ఇక్కడిదాకా అన్నీ ఒకే వరసలో పడ్డాయి. ఇక్కడ ఒక్కటి పక్కకి జారింది. ఎవరో పిలిచారు. చేసేవాడు తల తిప్పాడు."

"ఎవరు పిలిచారు?" అన్నాను ఆత్రంగా.

"అది నాకెలా తెలుస్తుంది?"

"పెళ్లామే అయ్యుంటుంది. ఒక్క పిలుపుకే తల తిప్పాడు, ఎంత మంచివాడో!" అంది మరదలు వంటింట్లోంచి.

ఇన్ని మూతల్లోనూ ఆయన ప్రాణం ఒక్కదాని మీద. అది నీలం గీతల పింగాణీ మూత. పట్టుకోవడానికి పైన బొడిపెకి బదులు అరబొటనవేలంత పిట్ట. చేత్తో చేసిన పిట్ట కాబట్టి ముక్కు కాస్త వంకర. దాని కాళ్ల కింద నీలంతో గీసిన చిన్న కొమ్మ అంచుదాకా వచ్చి ఠక్కున ఆగిపోతుంది. మిగతా కొమ్మ జాడీ మీద ఉండి ఉండాలి. ఆ జాడీ ఎక్కడుందో?

పాత సామాన్ల సంతలో, విరిగిన తలుపు గడియల గుట్ట కింద దొరికిందట అది. దొరికిన సంబరంలో దాన్ని రుమాల్లో చుట్టుకుని, బస్సెక్కి, ఇంటికొచ్చి, మేకు కొట్టడానికి సుత్తి తీశాక గానీ భార్యని సంతలోనే వదిలేసి వచ్చానన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఆవిడ తర్వాతి బస్సులో వచ్చి గుమ్మంలో నిలబడి, "పిట్ట క్షేమంగా చేరిందా?" అని మాత్రం అంది. ఆ మాట ఇప్పటికీ రోజుకోసారైనా అంటుంది.

అప్పట్నుంచీ ఆయనకి ఒక్కటే ధ్యాస. ఆ మూత కింద దాని జాడీని చూడాలి. ఎక్కడికెళ్లినా సంచిలో పిట్ట మూత ఉండాల్సిందే. వియ్యంకుల ఇంట్లో పూలకుండీ మీద పెట్టి చూశాడు. దంతాల డాక్టరు గదిలో నోరు తెరుచుకుని కూర్చునే, బల్ల మీది దూది జాడీ వైపు చెయ్యి చాచాడు. ఏదీ సరిపడలేదు. "వేళ మించిపోతోందక్కయ్యా, ఆ జాడీ ఈపాటికి పగిలిపోయిందేమో" అని ఈమధ్య దిగులు కూడా పడుతున్నాడు. అంతటి సరదా మనిషి అలా దిగాలుపడితే నాకు మనసు మనసులో ఉండేది కాదు.

ఇలా ఉండగా మాకు రెండోపక్క ఇంట్లోకి ఉద్యోగం మానేసిన డ్రాయింగ్ టీచరమ్మ దిగింది. ఒంటిమనిషి. సామాను దిగుతుంటే నేను మా కిటికీ దగ్గరే కూర్చుని చూశాను, అయినా పెట్టెల్లో ఏముందో తెలిసిరాలేదు. మర్నాడే సూది అడిగే వంకతో వెళ్లాను.

లోపల అడుగుపెట్టగానే నోరు వెళ్లబెట్టేశాను. గది నిండా చేత్తో చేసిన మట్టి కప్పులు, కూజాలు, జాడీలు! కొన్ని బీటలు వారినవి, కొన్ని చెవి విరిగినవి. "ఇది చూడండమ్మా, చేసినవాళ్ల వేలిగుర్తు లోపల అలాగే ఉండిపోయింది. నా వేలు సరిగ్గా పడుతుంది" అని ఒక కప్పులోకి వేలు పెట్టి చిన్నపిల్లలా నవ్విందావిడ. కిటికీ పక్కన రంగుల కుంచెలు వేసుకున్న పింగాణీ జాడీ ఒకటుంది. నీలం గీతలు. అడుగునుంచి మెలికలు తిరుగుతూ పైకి పాకిన కొమ్మ మూతి దగ్గర ఠక్కున ఆగిపోయింది.

సూది మాటే మరిచిపోయి పరుగెత్తాను.

"తమ్ముడూ! కొమ్మ దొరికింది!"

ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి భార్య చెప్పు వేసుకుని వచ్చాడు. వెనకే మరదలు, "ఈసారి నన్ను వదిలేసి పోతే ఊరుకోను" అంటూ. టీచరమ్మ గుమ్మంలో ఆయన రుమాలు విప్పాడు. ఆవిడ పిట్టని చూసి గోడ పట్టుకుంది.

"అమ్మో! ఈ మూత కోసం నేను తిరగని సంత లేదండీ!"

"ఈ జాడీ కోసం నేను మూత పెట్టి చూడని చోటు లేదండీ!"

ఇద్దరూ ఎగిరి గంతెయ్యడమొక్కటే తక్కువ. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఒక అనుమానం వచ్చింది.

"జాడీ మాత్రం ఇవ్వనండీ" అంది టీచరమ్మ.

"మూత మాత్రం ఇవ్వనండీ" అన్నాడు ఈయన.

"అయితే ఒక్కసారి పెట్టి చూసి, తీసేసుకుందాం. ఎవరిది వాళ్లకే" అన్నాన్నేను. ఇంతదాకా వచ్చి చూడకుండా పోతానా?

కుంచెలన్నీ నా ఒళ్లో పోశారు. ఆయన రెండు చేతులతో మూతని జాడీ మీద పెట్టి, మెల్లగా తిప్పాడు. కొమ్మకి కొమ్మ దగ్గరవుతోంది. ఇంకాస్త... ఇంకాస్త... కలిసిపోయింది! అడుగున మొదలైన కొమ్మ మెలికలు తిరిగి వచ్చి పిట్ట కాళ్ల కింద ఆగింది. వంకర ముక్కు పిట్ట ఇప్పుడే ఎగురుతూ వచ్చి వాలినట్టుంది. సంబరం పట్టలేక ఆయన, ఎవరినీ చెయ్యనివ్వని పని తనే చేశాడు. మూతని అరచేత్తో ఒక్క నొక్కు నొక్కాడు.

జాడీ చుట్టూ తిరిగి తిరిగి చూశాం అందరం. మరదలు కూడా.

తర్వాత టీచరమ్మ నిట్టూర్చి, "ఇక తీసేసుకోండి" అంది నీరసంగా.

ఆయన పట్టుకున్నాడు. తిప్పినట్టే తిప్పాడు. మొహం ఎర్రబడింది. "రావట్లేదండీ" అన్నాడు.

"నీకు రాకపోవడమేంటయ్యా! ఊరందరి మూతలూ తీస్తావు!" అంది మరదలు.

"నొక్కానుగా, అలిగింది."

మరదలు లాగింది, రాలేదు. ఆవిడ లాగుతున్నంతసేపూ "మెల్లగా, పిట్ట, పిట్ట" అంటూ ఆయన మూత మీద చెయ్యి తియ్యనేలేదు. చివరికి టీచరమ్మ జాడీని ఒళ్లో పెట్టుకుంది. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను, నా కళ్లు ఎప్పుడూ ఊరికే ఉండవు. ఆవిడ రెండు వేళ్లతో ఇలా తిప్పిందో లేదో మూత అంచు వెంట్రుకవాసి పైకి లేచింది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఇంటి పైకప్పు కేసి చూస్తూ చెమట తుడుచుకుంటున్నాడు. ఆవిడ అరచేత్తో పిట్టని మెల్లగా కిందికి దింపేసింది.

"నిజమేనండీ. అస్సలు రావట్లేదు" అంది.

మరి ఎవరింట్లో ఉండాలి? ఆయనింట్లో ఉంటే జాడీ పోయిందని ఆవిడకి బెంగ, ఆవిడింట్లో ఉంటే మూత పోయిందని ఈయనకి బెంగ. ఇద్దరిళ్లకీ మధ్యన ఉన్నది మా ఇల్లు. మా ముందుగది కిటికీ గట్టు వెడల్పు. ఇంకేం, మా ఇంటికే ఊరేగుతూ వచ్చింది.

ఇప్పుడు దుకాణానికి వెళ్లేముందు ఆయన వచ్చి కొమ్మని ఒకసారి కిందినుంచి పైదాకా వేలితో తడిమి, ఈలవేసుకుంటూ వెళ్తాడు. దిగులన్నది మళ్లీ ఆ మొహంలో చూడలేదు. సాయంత్రం టీచరమ్మ వచ్చి పిట్టకి దుమ్ము తుడుస్తుంది. సెలవురోజు ఇద్దరూ ఒకేసారి వస్తే, "మూతలు గొప్పవా, జాడీలు గొప్పవా" అని పొద్దెక్కేదాకా వాదించుకుంటారు. మరదలు వచ్చి, "పిట్ట క్షేమమేనా?" అంటే గానీ లేవరు. వీధిలో సంగతులన్నీ నా కుర్చీ దగ్గరికే నడిచొస్తున్నాయి. నాకింతకంటే ఏం కావాలి!

మొన్న మా కోడలు ఆ జాడీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అత్తయ్యా, ఎంత బావుందో! బాబాయిగారు మళ్లీ ఒకసారి చూస్తే మూత వస్తుందేమో. పంచదార పోసుకుందాం."

నేను జాడీని మెల్లగా అందుకుని గట్టు మీద పెట్టి, పిట్టని వీధివైపు తిప్పాను.

"ఎక్కడే అమ్మాయ్! ఎంతమంది లాగినా రాలేదు" అన్నాను.