సేటు కరెంటుతో పాటల పండుగ

కొందరు పాట పాడి పేరు తెచ్చుకుంటారు. నేను పాట మొదలైనా పెట్టకుండానే సూరత్‌లోని మా ఉధ్నా పేట అంతటా పరువు పోగొట్టుకున్నాను. ఎలాగో చెప్తాను. నవ్వండి గానీ నా ముందు నవ్వకండి. నా కోపం ఇంకా చల్లారలేదు.

మా మగ్గాల కార్మికుల పార్టీకి ఒక పత్రిక ఉంది. ఆ పత్రికవాళ్ళు ఏడాదికోసారి మైదానంలో పాటల పండుగ పెడతారు. కరీంనగర్ నుంచీ, వరంగల్ నుంచీ గాయకులు దిగుతారు. వాళ్ళు పాడతారు, నేను అందరికీ ఖిచిడీ వండుతాను. వంటపొయ్యి దగ్గర నేను తీసే రాగం మైకు కంటే గట్టిగా వినబడుతుందని జనం అంటారే గానీ, స్టేజీ ఎక్కమని ఒక్కరూ అనలేదు.

అంతలో కరోనా వచ్చింది. మైదానం ఇవ్వలేదు, గాయకులు రాలేదు. పండుగ మా బిల్డింగు మిద్దె మీద కొద్దిమందితో చేద్దామనీ, మిగతావాళ్ళు ఫోన్లలో చూస్తారనీ తేల్చారు. పత్రిక నడిపే భూమన్న, వరసకు తమ్ముడు, మా గడప ముందు నిలబడి, "అక్కా, ఈసారి నువ్వే పాడాలె" అన్నాడు.

ఇక నా కాళ్ళు నేల మీద ఉంటేనా! ఆ వారమంతా పప్పులో ఉప్పు వేశానో లేదో తిన్న మా ఆయన మల్లేశానికే తెలియాలి.

మిద్దె మీద మైకుకు కరెంటు లేదు. కింద కాంతి సేటు మగ్గాల షెడ్డు ఉంది. మల్లేశం వెళ్ళి అడిగితే, "లే జావ్" అని సేటు తీగ లాక్కోనిచ్చాడు. ఈ సేటు ఎవరనుకున్నారు? లాక్‌డౌన్‌లో గేటుకు తాళమేసి, మా ఆయనతో సహా అందర్నీ ఊళ్ళకు పొమ్మన్న మహానుభావుడు. పత్రికలో వారం వారం అతన్ని జలగలాగా బొమ్మ గీసేవాళ్ళు. నేనూ తిట్టాను, కడుపారా తిట్టాను.

కానీ మా నాయన ఒగ్గు కథలో వంత పాడేవాడు. దీపానికి నూనె పోసినవాడు దొంగైనా సరే, కథకు ముందు వాడి పేరెత్తి చల్లగా ఉండమనాలి, లేకుంటే గొంతు పట్టేస్తుంది అనేవాడు. ఇక్కడ దీపం మైకైతే, నూనె సేటు కరెంటే కదా!

భూమన్న ముందు లేచి, "ఈ పండుగ గేట్లు మూసిన సేట్లకు సెంపదెబ్బ!" అని గర్జించాడు. చప్పట్లు. తరువాత నన్ను పిలిచాడు. నేను కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను.

"ఎలుగు ఇచ్చినోడు సల్లగుండాలె... మా కాంతి సేటు సల్లగుండాలె... ఆయన షెడ్డు నిండ మగ్గాలాడాలె..."

కళ్ళు తెరిస్తే అందరికీ మాస్కులు. మూతి కనబడితే కదా నవ్వుతున్నారో, పళ్ళు కొరుకుతున్నారో తెలిసేది! భూమన్న మాత్రం వడియాల మీద వాలిన కాకుల్ని తోలినట్టు చేతులు ఊపుతున్నాడు. తాళం వేస్తున్నాడనుకుని ఇంకాస్త పైకి లేపాను. సేటు పిల్లాజెల్లా, గొడ్డూగోదా ఎవర్నీ వదలకుండా దీవించాను.

"అక్కా, బంద్ జెయ్!"

"ఏందిరా, అసలు పాట ఇంక షురూనే కాలే!"

"ఎవన్ని పొగుడుతున్నవ్? జర సోయి ఉన్నదా?"

"మరి గీ మైకు ఎవల కరెంటుతోని మోగుతున్నదిరా?"

అదీ మైకులోనే అన్నాను. సూరత్‌లో ఉన్నవాళ్ళు సరే, ఊళ్ళకు పోయి ఫోన్లలో చూస్తున్నవాళ్ళూ విన్నారు. పండుగ నడుస్తున్నది జలగ కరెంటుతోనని భూమన్నకు కూడా అప్పుడే తెలిసింది. మైకు లాక్కున్నాడు, ఫోను ఆపించాడు. నేను దాచుకున్న పాట గొంతులోనే ఉండిపోయింది. నాయన చెప్పినట్టు పేరెత్తినా గొంతు పట్టేసింది చూడండి!

మర్నాడు నల్లా దగ్గర మొదలైంది. "ఏం వదినె, సేటు ఇంకేమిచ్చిండు?" అని ఒకామె, "మా మొగనికి గూడ జర సిఫారసు జెయ్యరాదూ" అని ఇంకొకామె. భూమన్న అయితే ముఖమే చూడలేదు. "ద్రోహం" అన్నాడని మల్లేశం చెప్పాడు. అడుసు తొక్కిందీ నేనే, కాలు కడుక్కుందామంటే బోరింగూ సేటుదే!

వారం తిరక్కుండానే పత్రిక వచ్చింది. చివరి పేజీ నిండా కాంతి సేటు, మెడలో పూలదండ, నుదుట బొట్టు, కింద "పాటల పండుగకు శుభాకాంక్షలు". ఫోన్లో నా దీవెనలు విని మురిసిపోయి డబ్బిచ్చి వేయించాడట. పత్రిక పట్టుకుని భూమన్న ఇంటికి పోయాను.

"ఏంది తమ్మీ గిది?"

"పత్రిక నడువాలె గదక్కా."

"నేను నోటితోని ఒక్కసారి సల్లగుండాలె అంటే ద్రోహమాయె. నువ్వు పేజీ నిండ అచ్చేస్తే?"

భూమన్న కళ్ళద్దాలు సర్దుకుని, చదువుకున్నవాడి గొంతుతో అన్నాడు: "అది పొగుడుడు కాదక్కా. అడ్వర్టయిజ్‌మెంట్."

అందుకే, ఇదిగో మీ అందరి సాక్షిగా ఒట్టు పెట్టుకుంటున్నాను: ఈ జన్మలో ఎవర్నీ మళ్ళీ ఉత్త పుణ్యానికి దీవించను. చల్లగా ఉండాలనుకునేవాళ్ళు పోయి చివరి పేజీ కొనుక్కోండి.