సున్నం బొట్టు పెట్టిన సొరకాయ

పొద్దున నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో మామా, అదే మా యజమానురాలు, సులైబియాలోని తోట నుంచి సొరకాయ తెచ్చి, "యల్లా, తొందరగా వండు" అనింది. కత్తి పెట్టబోతే చెయ్యి ఆడలేదు.

నా మాదిరి ఇక్కడికి పనికొచ్చిన అక్కాచెల్లెళ్లారా, ఊర్లో మీ కొట్టాల మీద కూడా సున్నం బొట్టు పెట్టిన సొరకాయ ఉండేదా?

మాది తత్వాలు పాడే మేళం. నాయన తంబుర, చిన్నాయన గుమ్మెట, అన్నీ వాళ్ల చేత్తో చేసుకున్నవే. ఏడాదంతా ఊరూరా తిరుగుతా ఉండేవాళ్లు. పోయేముందు నాయన మంచి కాయ ఒకటి చూసి దానికి సున్నం బొట్టు పెట్టేవాడు. అది తీగ మీదే ఎండి తంబురకు బుర్ర కావాల, ఎవురూ ముట్టకూడదు.

వానల్లేని ఒక ఏడు తీగకు ఆ కాయొక్కటే నిలిచింది, ఇంకా ముదరలేదు. తమ్ముడు ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినాడు. అమ్మ ఇంక ఆగలేక దాన్ని కోసి వండేసింది.

మేము తిని చేతులు కడుక్కుంటా ఉండగానే నాయన వచ్చినాడు. బస్సు మీద మూటల కింద నలిగి తంబుర పగిలిపోయిందంట. ఇంక ఆ కాయే దిక్కనుకొని వచ్చినాడు. కొట్టం మీదికి చూసినాడు, చట్టిలోకి చూసినాడు. అమ్మ తిక్కు తిరిగినాడు.

"పిల్లోళ్లు తినినారా?"

"తినినారు."

"అయితే నాకూ పెట్టుమ్మే."

తెల్లారి చిన్నాయన గుమ్మెట తగిలించుకొని పిలవనొస్తే, నాయన పార భుజానేసుకొని కూలికి పోయినాడు. మళ్లా ఎప్పుడూ పాడలేదు.

ఈ పొద్దు ఎట్లనో వండిపెడితే, కూర బాగుందనింది మామా. నేను ముట్టలేదు. అమ్మ ఆ పొద్దు వండిన కూర ఎంత కమ్మగా ఉండిందో ఇన్నేండ్లూ ఎవురికీ చెప్పుకోలేదు.